త్రోవప్రక్క రాళ్లు – కృష్ణాతీరమున తొలి కాపురములు



ఏటేట మన మహాసభాసందర్భమున వెలువడు సంచికయందు కులచరిత్రమును గూర్చిన వ్యాసమొకటి యుండుట ఆచారమైనది. అట్టి వ్యాసములలో తరచుగా కానవచ్చు ప్రశ్న యొక్కటియే. కృష్ణాతీరమున ఈ గ్రామములను మొదట కట్టినవారెవరు? అడవి కొట్టి, పొలము దున్ని, చెరువు త్రవ్వినవారెవరు? మన పూర్వులేయని వ్రాసి వ్యాసకర్త కలము దించును. చదువరి సంతోషించును. దాతలు మెచ్చుకొందురు. అయితే పొరుగు సంఘములవారి సంచికలు తెరచి చూచినచో అచ్చటను అదియే ప్రశ్న, వారివారి పేరులతో అదియే ప్రత్యుత్తరము. ఒక్క గ్రామమునకు నాలుగు తెగలవారు మొదటి కాపురస్థులగుట యెట్లు పొసగును? ఈ తగవు వాదములచేత తీరునది కాదు. సాక్షులను పిలిచి యడుగవలయును. ఆ సాక్షులు మన త్రోవల ప్రక్కనే యున్నారు. కొందరు నిలిచియున్నారు, కొందరు కూలియున్నారు, కొందరు వంతెనల క్రిందను కోనేటిమెట్లలోను కప్పువడియున్నారు. ఆ సాక్షులు రాళ్లు.

నేడు విజయవాడయని పిలువబడు బెజవాడనుండి బందరునకు పోవు బాటసారి మైలురాతిని చూచి ఇంకెంత దూరమున్నదో లెక్కించుకొనును. ఆ రాతికి పది బారల యెడమున చింతచెట్టు క్రింద వ్రాలియున్న వేరొక రాతిని చూచియు చూడక పోవును. మైలురాయి దూరమును చెప్పును, ఆ రెండవది కాలమును చెప్పును. దూరము తెలిసికొనుటకు మనకున్న ఆతురత కాలము తెలిసికొనుటకు లేకపోయెను. ఆ లోపమును గూర్చియే ఈ నాలుగు మాటలు.

రాళ్లలో తెగలు

త్రోవప్రక్క రాళ్లన్నియు ఒక తెగవి కావు. ఊరి నడుమ బొడ్రాయి యుండును. ఊరు కట్టిననాడు దానిని నాటుదురు. ఊరి యంచున పొలిమేర రాయి యుండును. విష్ణ్వాలయపు మాన్యములకు వామనముద్రయు, శివాలయపు మాన్యములకు లింగముద్రయు చెక్కిన హద్దురాళ్లు నేటికిని కొన్ని పొలములలో కానవచ్చుచున్నవి. పసులను కాపాడుచునో, ఊరిని కాపాడుచునో ప్రాణములు విడిచినవారికి వీరగల్లులు నిలిపిరి. దేవాలయముల ముంగిట దానశాసనములు గలవు. వాని తలకట్టున సూర్యచంద్రులను చెక్కుట వాడుక. ఆ రవిచంద్రులున్నంత కాలము ఈ దానము నడువవలయునని దాని భావము. చివర నొక శాపముండును. దానభూమి నపహరించువాడు అరువదివేలయేండ్లు పురుగై పుట్టునని చెప్పి, చదువురానివానినిసైతము బెదరించుట ఆ శాపమునకు పని.

త్రోవను పుణ్యస్థానముగా చూచుట మన దేశమున క్రొత్త కాదు. అశోకచక్రవర్తి తన యేడవ స్తంభశాసనమున, బాటలవెంట నీడకు మర్రులను నాటించినట్లును, అర్ధక్రోశమున కొక్కటి చొప్పున బావులు త్రవ్వించినట్లును చెప్పుకొనెను. దండయాత్రల సంగతికంటె నీళ్ల సంగతి చెప్పుకొనుటయే చక్రవర్తికి గౌరవమని తోచినది. మన చలివేంద్రములును, సత్రములును ఆ పరంపరలోనివే.

అన్నిటికంటె పాతవి

కృష్ణకు దక్షిణమున, నేటి బాపట్ల జిల్లాలోనున్న భట్టిప్రోలునందు 1892వ సంవత్సరమున అలెగ్జాండర్ రే దొర బౌద్ధస్తూపమును త్రవ్వించి ధాతుకరండములను బయల్పరచెను. వానిపై బ్రాహ్మీలిపిలో ప్రాకృతభాషలో వ్రాతలు గలవు. క్రీస్తునకు పూర్వము రెండుమూడువందల యేండ్ల నాటివని పండితులు తలంచుచున్నారు. అందు కుబిరకుడను రాజు పేరున్నది. కాని రాజొక్కడే లేడు. నిగమపుత్రుల గోష్ఠియొకటి యున్నది, ఆ నిగమసభ్యుల పేర్లు వరుసగా నున్నవి. అనగా రెండువేలయేండ్లకు పూర్వమే ఈ తీరమున ఊరివారు సభగా కూడి, చందా వేసికొని, పని నెరవేర్చి, పేర్లు చెక్కించుకొనిరి. మహాసభలు జరుపుకొను మనకు ఇంతకంటె దగ్గరి బంధువులెవరు?

అమరావతి స్తూపమునకు రాళ్లిచ్చిన దాతల పట్టికను చూచిన మన కన్నులు ఇంకను తెరచుకొనును. అందు గృహపతులున్నారు, వర్తకులున్నారు, సుగంధద్రవ్యములమ్మువాడున్నాడు, భిక్షుణులున్నారు. పానీయఘరికుడను ఉద్యోగియొకడున్నాడు, అతడు నీటిశాలల పెత్తనదారు. పూర్ణకుంభమును చెక్కిన పలకయొకటి కలదు. దానినిచ్చినవాడు విధికుడు. అతని వృత్తి చర్మకారము. అతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లితోను, భార్యతోను, అన్నదమ్ములతోను, బిడ్డలతోను కూడి ఆ దానము చేసితినని విధికుడు చెక్కించెను. తండ్రి పాఠములు చెప్పువాడు, కుమారుడు తోలుపని చేయువాడు. ఇద్దరి పేర్లును ఒకే రాతిపై ఒకే పంక్తిలో నున్నవి. మన కాలపు కొలతలతో ఆ కుటుంబమును ఏ సంఘములో చేర్చుకొందుము?

జగ్గయ్యపేట చెంతనున్న స్తూపమును 1882లో జేమ్సు బర్జెసు దొర పరిశోధించెను. అచ్చటి ఆయకస్తంభములపై ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని యిరువదవ పాలనవర్షమున చెక్కిన శాసనము గలదు. అది క్రీస్తుశకము మూడవ శతాబ్దపుది. స్తంభముల నెత్తించినవాడు సిద్ధార్థుడు. అతడు ఆవేశని, అనగా శిల్పుల మేస్త్రి. తండ్రి నాగచంద్రుడును మేస్త్రియే. వారి మూలస్థానము కమ్మరాష్ట్రములోని నడతూరు, కాపురము మహాకాండురూరు, దానము చేసినది వేలగిరియందు. చదువరులు గమనింపవలయును. ఒకయూరివాడు, వేరొకయూర కాపురమున్నవాడు, మూడవయూర పని చేసెను. పనివెంట మనిషి కదలుటయు, మనిషివెంట ఊరు పెరుగుటయు ఈ నాలుగు పంక్తులలోనే తెలియుచున్నది. ఆ స్థలమును శాసనము వేలగిరియన్నది, తరువాతివారు బేతవోలన్నారు, పదునెనిమిదవ శతాబ్దపు చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయడు తన తండ్రి పేర పేట కట్టించి జగ్గయ్యపేట యన్నాడు. ఒక్క నేలకు మూడు పేర్లు. మూడవ పేరు పెట్టిననాడు మొదటి పేరు నేలలోపల నిదురించుచుండెను.

సముద్రపు దిక్కున ఘంటసాల కలదు. దీని ప్రాచీననామము కంటకసేల. గ్రీకు భూగోళశాస్త్రజ్ఞుడు టాలెమీ రెండవ శతాబ్దమున దీనిని కొంటకొస్సిలయని పేర్కొని, ఈ తీరమును మైసోలియయని పిలిచెను. అచ్చట దొరకిన ప్రాకృతశాసనములయందు శివకుడను మహానావికుని పేరున్నది. మహానావికుడనగా ఓడలకు పెద్ద. నేడు ఘంటసాలనుండి సముద్రము కంటికి కానరాదు. నది మట్టి తెచ్చి నేలను ముందునకు పెంచెను, సముద్రము వెనుకకు పోయెను. ఓడలు పోయినవి, ఓడపెద్ద పేరు మాత్రము రాతియందు నిలిచెను.

రాగిరేకులును ఊళ్ల పేర్లును

రాళ్లతోపాటు రాగిరేకులును సాక్ష్యమిచ్చుచున్నవి. నాలుగవ శతాబ్దప్రాంతమున పల్లవ శివస్కందవర్మ యువరాజుగా నున్నపుడు ధాన్యకటకముననున్న అధికారికి పంపిన యాజ్ఞ మైదవోలు రేకులయందున్నది. ఆంధ్రాపథమున విరిపరయను గ్రామము నిచ్చుచు, అందు ఉప్పు త్రవ్వరాదనియు, భటులు ప్రవేశింపరాదనియు వ్రాయించెను. అట్లే బృహత్ఫలాయన జయవర్మ కూదూర విడిదినుండి యిచ్చిన దానము కొండముది రేకులయందున్నది. ఆ కూదూరము బందరు చెంతనున్న గూడూరేయని పెక్కురు పండితుల మతము. ఈ రేకులు క్రొత్తగా అడవి కొట్టిన కథను చెప్పుటలేదు. పన్నులు కట్టుచు, ఉప్పు పండించుచు, భటుల రాకకు జంకుచు నున్న ఊళ్లను గూర్చి చెప్పుచున్నవి. అనగా అప్పటికే కాపురములు పాతవడియుండెను.

రాయియు రేకును లేని చోట ఊరి పేరే శాసనము. ప్రోలనగా పట్టణము. లంకయనగా నది నడుమ దీవి. పర్రనగా నీరు నిలుచు పల్లపునేల. పాలెమనగా దండు విడిసిన చోటు. పేటయనగా అంగడి వెలసిన చోటు. పురమును, వరమును చేర్చిన పేర్లు పెక్కింట దానపు గ్రామములను తెలుపును. విజయవాడనుండి అవనిగడ్డవరకు గల ఊళ్ల పేర్లను వరుసగా చదివినచో నీటినుండి నేలను మనుష్యుడు మెల్లమెల్లగా గెలుచుకొనిన వృత్తాంతము వినబడును.

జాతరకు వచ్చి నిలిచిన దేవుడు

బెజవాడలో దొరకిన యుద్ధమల్లుని శాసనము తెలుగువారందరికిని పూజ్యమైనది. పదవ శతాబ్దపు పూర్వార్ధమున తూర్పు చాళుక్య రాజగు యుద్ధమల్లుడు కుమారస్వామికి గుడియు మఠమును కట్టించి, ఆ సంగతిని మధ్యాక్కర పద్యములలో స్తంభముపై చెక్కించెనని పెక్కురి యభిప్రాయము. జయంతి రామయ్యపంతులుగారు దీనిని చదివి ప్రకటించిరి. నన్నయభట్టునకు ముందే తెలుగు పద్యము రాతిమీద నడచినదనుటకు ఇది సాక్ష్యము.

మనకిప్పుడు కావలసినది ఆ శాసనములోని కథ. చేబ్రోలులో వెలసిన కార్తికేయస్వామి జాతరకై బెజవాడకు వచ్చెను. వచ్చినవానికి ఈ చోటు నచ్చెను. తిరిగి పోనొల్లక ఇచ్చటనే నిలిచెను. అందుచేత రాజు గుడి కట్టించెను. మఠమున ఎవరుండవలయునో, ఎవరుండరాదో కూడ శాసనము కట్టడి చేసినది. చదువరులారా, దేవునికథయే మనుష్యులకథ. నేడు బెజవాడలో కాపురమున్నవారిలో ఎందరి తాతలు జాతరకో, సంతకో, కూలికో వచ్చి నిలువలేదు? తొలుత వచ్చితిమని గర్వించుట యెందుకు? స్వామియంతవాడే వలసవచ్చినవాడని రాయి చెప్పుచున్నది.

అన్నము పెట్టిన రాయి

కృష్ణ కావలి యొడ్డున, తుళ్లూరు ప్రాంతమున, మల్కాపురముననున్న శాసనస్తంభము కాకతీయుల కాలముది. 1261వ సంవత్సరమున చెక్కబడినది. గణపతిదేవ చక్రవర్తి మందరమును, రుద్రమదేవి వెలగపూడిని లంకభూములతోకూడ విశ్వేశ్వర శివాచార్యులకు దానమిచ్చిరి. ఆ మందరమే నేటి మందడము. ఆ వెలగపూడియందే 2016వ సంవత్సరమునుండి రాష్ట్రప్రభుత్వ సచివాలయము నడచుచున్నది. శివాచార్యులు ఆ దానముతో నొక క్రొత్త యూరిని కట్టిరి. ద్రావిడదేశమునుండి బ్రాహ్మణులను రప్పించి భూములిచ్చిరి. గుడి, మఠము, పాఠశాల, సత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల యేర్పరచిరి. వేదములు చెప్పువారికిని, వైద్యునకును, లెక్కలు వ్రాయువానికిని, పాడువారికిని, ఆడువారికిని, మద్దెల వాయించువారికిని, కంసాలికిని, వడ్రంగికిని, కుమ్మరికిని, మంగలికిని జీవితము లేర్పరచి, ఆ పట్టికను రాతి కెక్కించిరి. ఒక గ్రామము నడచుటకు ఎన్ని చేతులు కావలయునో ఈ రాయి చెప్పినట్లు ఏ గ్రంథమును చెప్పదు.

అన్నిటికంటె మించినది వేరొకటి గలదు. ఆ సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివరకు వచ్చినవారి కెల్లరకును ఎల్లప్పుడు అన్నము పెట్టవలయునని శాసనము విధించినది. ఏడువందల యేండ్లకు పైబడిన మాట. దానిని చెక్కినది త్రోవన పోవువాడు చదువుటకే. ఆ త్రోవన మనము పోవుచున్నాము. చదువుచున్నామా?

నది మరింత క్రిందికి పోయి సముద్రములో కలియుచోట దివిసీమ కలదు. గణపేశ్వరమునందలి 1231వ సంవత్సరపు శాసనము గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని తన ప్రభువు పేర అచ్చట ఆలయము కట్టించినట్లు చెప్పి, అతని వంశమును వర్ణించుచున్నది. అతని పూర్వులు వెలనాటి చోళరాజుల కొలువున నుండి దివిసీమ నేలినవారు. నృత్తరత్నావళిని రచించిన జాయపయే యీతడు. ఉప్పునీటి యంచున, తుపానుల నోటియందున్న నేలపై సేనానియు, శాస్త్రకారుడును పుట్టుటకు వెనుక ఎందరు కట్టలు పోసి, ఎందరు నీరు తోడి, ఎందరు నారు నాటిరో శాసనము చెప్పదు. రాయి గొప్పది గాని సంపూర్ణమైనది కాదు. చెక్కించుటకు శక్తి లేనివారి పేర్లు రాతి కెక్కలేదు. ఈ సత్యమును మరువరాదు.

మరల మరల కట్టిన ఊళ్లు

పదునేడవ శతాబ్దమున బందరు రేవు గోలకొండ రాజ్యమునకు సముద్రద్వారమాయెను. ఇంగ్లీషువారు 1611లో అచ్చట వర్తకశాల పెట్టిరి. ఫ్రెంచి వర్తకుడు టవెర్నియరు 1652లో బందరునుండి గండికోటకు పోవుచు బెజవాడమీదుగా ప్రయాణించి ఇచ్చటి దేవాలయమును వర్ణించెను. అద్దకపు బట్టలు నేయువారును, అద్దువారును, బండ్లు తోలువారును, బోయీలును ఆ త్రోవవెంట క్రొత్త పేటలు కట్టుకొనిరి. పిదప కర్నలు మెకంజీ కాలమున కావలి బొర్రయ్య, కావలి వేంకటలక్ష్మయ్య మున్నగువారు ఊరూర తిరిగి శాసనముల నకళ్లు వ్రాయించి, కరణములచేత కైఫీయతులు సేకరించిరి. ఊరి పుట్టుకను గూర్చి ఆనాటి పెద్దలు చెప్పిన కథలు ఆ కైఫీయతులలో భద్రముగా నున్నవి. కథలును ప్రమాణములే, కాని రాతితో సరిచూచుకొనవలసిన ప్రమాణములు.

1832–33లో నందన నామసంవత్సరమున వచ్చిన కరువును మన పెద్దలు డొక్కల కరువనిరి. గుంటూరు మండలముననే సుమారు ఐదులక్షల జనములో రెండులక్షలు నశించిరని లెక్కలు చెప్పుచున్నవి. ఊళ్లకు ఊళ్లు పాడువడెను. ఆ దుఃఖముయొక్క ఫలముగా ఆనకట్ట యాలోచన బలపడినది. 1852లో బెజవాడయొద్ద పని ప్రారంభమై, కెప్టెను చార్లెసు ఆర్ యాజమాన్యమున 1855లో ముగిసెను. బందరుకాలువ, ఏలూరుకాలువ, రైవసుకాలువ పారెను. జొన్న చేలు వరిమడులాయెను. మెట్టనుండి జనము పల్లమునకు దిగెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి బందరు ప్రాంతమున ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొనెను. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమపై మరల ఉప్పెన విరుచుకుపడి పదివేలకు మించిన ప్రాణములు తీసెను. పాత యానకట్ట 1952లో తెగెను, దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వెలసెను.

ఇన్ని చెప్పుటకు కారణమిది. కృష్ణాతీరమున తొలి కాపురము ఒక్కనాడు, ఒక్క తెగచేత, ఒక్కసారి జరిగినది కాదు. కరువు వెనుక ఒకసారి, ఉప్పెన వెనుక ఒకసారి, కాలువ వెంట ఒకసారి, త్రోవ వెంట ఒకసారి మరల మరల జరిగినది. వచ్చిన ప్రతివాడును తన నాటికి మొదటివాడే. కావున మొదటివారెవరను ప్రశ్నయే తప్పు. ఇచ్చట నిలిచి ఈ నేలకు ఎవరెవరేమి చేసిరను ప్రశ్న సరియైనది. రాళ్లు ఆ ప్రశ్నకే బదులు చెప్పుచున్నవి.

మేము చేసిన పొరపాటు

ఈ దోషమునకు మేమును లోబడనివారము కాము. కొన్నియేండ్ల క్రిందట ఇట్టి సంచికయందే, ఒక గ్రామపు త్రోవప్రక్కనున్న శాసనమును పట్టుకొని అందలి దాత మన పూర్వుడేయని వ్రాసితిమి. ఇంటిపేరు పోలియుండుటయే మాకు చాలిన నిదర్శనమాయెను. పిమ్మట ప్రాచీనలిపి నెరిగిన మిత్రునితో పోయి, రాతిమీది సున్నము కడిగి, తడికాగితమద్ది అచ్చు తీసి చూచితిమి. మేము ఇంటిపేరని తలంచినది ఊరి పేరు. దాత గానుగ త్రిప్పువాడు. ఇచ్చిన దానము దేవుని దీపమునకు నూనె. అంతే. ఆనాటి వ్యాసమునకు మెచ్చి మాకు శాలువ కప్పిన పెద్దలకు ఈ సంగతి చెప్పుటకు మాకిన్ని యేండ్లు పట్టినది. నేడు ఈ సంచికముఖమున చెప్పి క్షమాపణ వేడుచున్నాము. ఆ గానుగవాని దీపము ఎన్ని తరములు వెలిగెనో యెరుగము. అతని పేరును అపహరించి మన పద్దున వ్రాసికొనుట, శాసనపు చివర శాపము పెట్టబడిన పనికంటె ఎంతో దూరమైనది కాదు.

పోయినవి, పోవుచున్నవి

రాళ్లకు మన కాలముననే కాదు, పూర్వమునను ఆపదలు కలిగెను. పదునెనిమిదవ శతాబ్దపు చివర అమరావతియందు క్రొత్త పట్టణము కట్టునపుడు స్తూపపు దిబ్బనుండి ఇటుకలును పలకలును తీసికొనిపోయిరి. మెకంజీ దొర 1797లో వచ్చి చూచి, 1816లో మరలవచ్చి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఎలియటు దొర త్రవ్వించిన పలకలు చెన్నపట్టణమునకు పోయి, వానిలో పెక్కు అచ్చటినుండి లండను చేరి, 1880నుండి బ్రిటిషు మ్యూజియమునందున్నవి. భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు రోడ్డుపనులకును, చలువరాళ్లు కాలువపనులకును పోయెను. త్రోవప్రక్కనుండవలసిన సాక్షి త్రోవక్రింద పడినది. ఇంతకంటె విపరీతమేమి గలదు?

నేడు త్రోవలు విశాలమగుచున్నవి. అది మంచిదే, బండ్లు నడువవలదా? కాని త్రోవను వెడల్పు చేయు యంత్రమునకు శాసనపు రాయియు సామాన్యపు రాయియు నొక్కటియే. గుడిని బాగుచేయు భక్తులు రాతికి సున్నమును రంగును పూయుదురు. కళ్లాపి చల్లు ఇల్లాలు దానిని బట్టలుతుకు బండగా చేసికొనును. ఎవరినందుము? ఇది యిట్టి రాయియని చెప్పువారు లేకపోయిరి.

మన సంఘము చేయదగిన పని

అందుచేత ఈ మహాసభయెదుట ఒక ప్రార్థన యుంచుచున్నాము. మన సంఘము ప్రతివర్షమును తోరణములకును, విందులకును, దాతల చిత్రపటములకును కొంత ద్రవ్యము వినియోగించుచున్నది. అందులో నొక భాగముతో ఏటికొక్క యూరి త్రోవప్రక్క, అచ్చటి శాసనము చెంత, చదువదగిన తెలుగులో నొక తెలుపుపలక నిలుపుదము. లండను నగరమున 1867నుండియే ప్రసిద్ధపురుషులు నివసించిన యిండ్లకు పలకలు తగిలించుచున్నారు. అమెరికాయందలి వర్జీనియా రాష్ట్రము 1927నుండి రహదారులవెంట చరిత్రఫలకములు నాటుచున్నది. వారి చరిత్ర మనదానికంటె మిక్కిలి చిన్నది, వారి శ్రద్ధ మాత్రము మనదానికంటె పెద్దది.

ఇందుకు కొన్ని నియమములు కావలయును. రాతిని కదల్పరాదు. నూనె, పసుపు, రంగు పూయరాదు. చిత్రము తీసి, చోటు వ్రాసి, పురావస్తుశాఖవారికి తెలియజేయవలయును. చదువుటకు సందేహమున్నచో మైసూరునందలి శాసనశాఖ పండితుల నాశ్రయింపవలయును. రాతియందున్నదే పలకయందు వ్రాయవలయును, లేనిది వ్రాయరాదు. రాజు పేరుతోపాటు కుమ్మరి పేరును, కంసాలి పేరును వ్రాయవలయును. దాతలు క్షమింతురుగాక, పలక పెట్టించినవారి పేరు వెనుకవైపున చిన్న యక్షరములతో నుండవలయును. ముందువైపు రాతిది.

మల్కాపురపు రాతి చెంత అట్టి పలక యుండినచో దానిపై ఏమి వ్రాయవచ్చునో మాకు తోచినది ఇచ్చట చూపుచున్నాము: “బాటసారీ! ఈ స్తంభము 1261వ సంవత్సరపుది. ఇచ్చట నొక బడియు, వైద్యశాలయు, ప్రసూతిశాలయు, సత్రమును ఉండెను. వచ్చినవారికెల్లరకును, కులభేదము లేక, అన్నము పెట్టవలయునని ఈ రాయి విధించినది. దీనిని నడపుటకు పండితుడును వలసెను, కుమ్మరియు వలసెను.” ఇందు మన సంఘము పేరు లేదు. ఆ పేరు లేకుండ ఆ పలక నిలుపగలిగిననాడే మన సంఘమునకు నిజమైన పేరు వచ్చును.

మన తాతలు ఈ నేలకు ఎన్నడు వచ్చిరో మనము నిర్ణయింపలేకపోవచ్చును. మన మనుమలు మనలను గూర్చి ఏమి చదువుదురో మాత్రము మన చేతిలోనున్నది. భట్టిప్రోలు నిగమపుత్రులవలె కూడి పని చేసిరని చదువుదురుగాక. విధికునివలె ఇంటిల్లిపాదియు కలిసి ఇచ్చిరని చదువుదురుగాక. పేరెరుగని ఆ గానుగవానివలె దీపము వెలిగించి పోయిరని చదువుదురుగాక.

సంఘము వర్ధిల్లుగాత! కృష్ణవేణి చల్లగ పారుగాత!